పాత పవర్ టిల్లర్ కొన్నారా? పికప్‌లో ఇంటికి తెచ్చే ముందు ఈ జాగ్రత్తలు తప్పనిసరి

కొత్త పవర్ టిల్లర్ ధర భరించలేక చాలామంది రైతులు పక్క మండలంలోనో, పక్క జిల్లాలోనో వాడిన టిల్లర్‌ను కొంటున్నారు. బేరం కుదిరాక ఊళ్లో ఉన్న పికప్‌నో, మినీ ట్రక్కునో మాట్లాడుకుని, నలుగురు మనుషులను ఎక్కించుకుని బయలుదేరడం మామూలే. అయితే ఎక్కించేటప్పుడు బల్ల జారినా, దారిలో తాడు తెగినా యంత్రం పాడవడమే కాదు, మనుషుల ప్రాణాలకే ముప్పు. బయలుదేరే ముందు రోజే ఒక గంట కేటాయించి వాహనాన్ని సిద్ధం చేసుకుంటే ఈ ప్రమాదాలను చాలావరకు తప్పించవచ్చు.

ముందుగా బరువు లెక్క

12 నుంచి 15 హెచ్‌పీ పవర్ టిల్లర్ రోటరీతో కలిపి సుమారు 400 నుంచి 500 కిలోల బరువు ఉంటుంది. కచ్చితమైన బరువు ఇంజన్ మీద ఉన్న ప్లేటులో గానీ, కంపెనీ పుస్తకంలో గానీ చూడండి. కేజ్ వీల్స్, నాగలి వంటివి కూడా వస్తుంటే వాటి బరువు అదనం.

వాహనం ఎంత మోయగలదో ఆర్‌సీలో తెలుస్తుంది. మొత్తం బరువు నుంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలినదే మీరు వేయగల బరువు. డ్రైవరు, పక్కన కూర్చునేవారి బరువు కూడా ఇందులోనే కలుస్తుంది.

ఉదాహరణకు ఒక మినీ ట్రక్కు మొత్తం బరువు 1,600 కిలోలు, ఖాళీ బరువు 900 కిలోలు అనుకుందాం. వేయగలిగేది 700 కిలోలు. టిల్లర్ 450, కేజ్ వీల్స్, ఇతర సామాను 60, ఇద్దరు మనుషులు 140 కలిపితే 650 కిలోలు. ఇక మిగిలింది 50 కిలోలే. ఎలాగూ వస్తున్నాం కదా అని దారిలో రెండు యూరియా బస్తాలు వేసుకుంటే 90 కిలోలు పెరిగి పరిమితి దాటిపోతుంది. అనుమానం ఉంటే దగ్గరలోని వేబ్రిడ్జి మీద తూకం వేయించండి.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో అధిక బరువుకు 20 వేల రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేల రూపాయల జరిమానా ఉంది. సరకు వాహనం బయటికి పొడుచుకు వచ్చినా ఇదే సెక్షన్ కింద జరిమానా వేయవచ్చు. అందుకే ఇంజన్ ముందు భాగం నుంచి హ్యాండిల్ చివరి వరకు టేపుతో కొలిపించి, వాహనం తొట్టి పొడవుతో సరిచూసుకోండి. చిన్న తొట్టి ఉన్న మినీ ట్రక్కులో వెనక తలుపు మూసుకోకపోవచ్చు. అలాంటప్పుడు కాస్త ఎక్కువ కిరాయి అయినా పెద్ద తొట్టి ఉన్న పికప్‌నే మాట్లాడుకోవడం మంచిది.

వాహనంలో చూడవలసినవి

- టైర్లు: వెనక టైర్లలో గాలి బరువుకు తగినట్టు ఉండాలి. ఖాళీ బండికి ఎంత, లోడుకు ఎంత అన్నది వాహనం మీది స్టిక్కర్‌లో లేదా పుస్తకంలో ఉంటుంది. పగుళ్లు, ఉబ్బులు ఉన్న టైరుతో బయలుదేరవద్దు. స్టెప్నీలో గాలి కూడా చూసుకోండి.
- బ్రేకులు: లోడుతో బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. పెడల్ మెత్తగా దిగుతుంటే ముందు మెకానిక్‌కు చూపించండి.
- కట్టు పట్టీలు: కమ్మీలు విరిగి ఉన్నా, యూ బోల్టులు వదులైనా బిగించాకే కదలాలి.
- తొట్టి: అడుగు రేకు తుప్పు పట్టి ఉంటే మందపాటి చెక్క పలకలు పరవండి. తాళ్లు కట్టే కొక్కేలు ఊగుతున్నాయేమో లాగి చూడండి.

వెంట తీసుకెళ్లవలసినవి

నాలుగు రాట్చెట్ బెల్టులు, చక్రాలకు అడ్డం పెట్టే నాలుగు చెక్క దిమ్మెలు, పాత టైరు ముక్కలు లేదా గోనె సంచులు, స్పానర్ల సెట్టు, టార్చి, ఎర్ర గుడ్డ, రోడ్డుపై పెట్టే హెచ్చరిక త్రికోణం. బెల్టు మీద ఎంత బరువుకు పనికొస్తుందో రాసి ఉంటుంది. ఆ చీటీ లేనివి, అంచులు చిరిగినవి వాడవద్దు. నైలాన్ తాడు సాగి వదులవుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

బేరం తర్వాత, ఎక్కించే ముందు

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మీ ముందు స్టార్టు చేయించండి. అసలు బిల్లు, అమ్మినట్టు సంతకం చేసిన కాగితం తీసుకోండి. యంత్రంపై బ్యాంకు రుణం ఉందేమో, సబ్సిడీపై తీసుకున్నదైతే అమ్మకంపై షరతు ఏమైనా ఉందేమో కనుక్కోండి.

చాలామంది పట్టించుకోని విషయం రోటరీకి అంటిన మట్టి. అందులో వయ్యారిభామ విత్తనాలు, తుంగ గడ్డలు, ఎండు తెగులు శిలీంద్రాలు మీ పొలానికి రావచ్చు. తుంగ ఒకసారి చేరితే వదిలించడం ఎంత కష్టమో మీకు తెలిసిందే. అందుకే రోటరీ బ్లేడ్లు, చక్రాల సందులు, మడ్‌గార్డు లోపలి భాగం అమ్మినవారి దగ్గరే గీకి, నీళ్లతో కడిగించి బయలుదేరండి.

ఎక్కించేటప్పుడు

పికప్ తొట్టి నేల నుంచి సుమారు 3 అడుగుల ఎత్తు ఉంటే, ఏటవాలు ప్రమాదం కాకుండా ఉండాలంటే బల్లలు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. అంతకంటే తేలిక మార్గం ఒకటుంది. తొట్టి ఎత్తుకు సమానంగా ఉన్న గట్టి మట్టి దిబ్బ లేదా గట్టు చూసుకుని, వాహనాన్ని వెనక్కి ఆనించండి. రెండు బల్లల మధ్య నడిపేవారికి కాలు పెట్టడానికి చోటు ఉండదు, గట్టు మీద ఆ ఇబ్బంది లేదు.

- వాహనానికి హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు దిమ్మెలు పెట్టండి.
- బల్లలు జారకుండా వాహనానికి గట్టిగా కట్టండి.
- రోటరీ క్లచ్ ఆపి, అన్నిటికన్నా తక్కువ గేరులో ఎక్కించండి. ఎక్కించేటప్పుడు ముందు గేరు, దించేటప్పుడు రివర్స్ గేరు వాడాలి.
- బల్లపై గేరు మార్చవద్దు, మెయిన్ క్లచ్ తొక్కి వదలవద్దు, స్టీరింగ్ క్లచ్‌లు నొక్కవద్దు. పల్లంలోకి దిగేటప్పుడు స్టీరింగ్ క్లచ్ తిరగబడి పనిచేస్తుంది. ఎడమ క్లచ్ నొక్కితే యంత్రం కుడికి తిరిగి బల్ల మీద నుంచి పడిపోతుంది. దిశ సరిచేసుకోవడం కింద ఉండగానే పూర్తి కావాలి.
- యంత్రానికి వెనక, పక్కల ఎవరూ నిలబడకూడదు. జారుతుంటే చేత్తో ఆపబోవద్దు, తప్పుకోండి.

తొట్టిలో ఎక్కడ పెట్టాలి, ఎలా కట్టాలి

ఇంజన్ వైపు బరువు ఎక్కువ కాబట్టి దాన్ని క్యాబిన్ వైపు ఉంచండి. బరువంతా వెనక ఇరుసు దాటి వెనక్కి ఉంటే ముందు చక్రాలపై భారం తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, బ్రేకు సరిగా పట్టదు.

టిల్లర్‌కు రెండే చక్రాలు. అందుకే రోటరీని చెక్క పలకపైకి దించి, ముందు స్టాండు కింద దిమ్మె పెట్టి ఊగకుండా చేయండి. ఇంజన్ ఆపి, గేరులో ఉంచి, డీజిల్ కాక్ మూసి, ట్యాంకు మూత బిగించండి. బ్యాటరీ ఉంటే నెగటివ్ తీగ ఊడదీయండి.

గట్టి బ్రేకు వేసినప్పుడు యంత్రం తన బరువులో దాదాపు 80 శాతం బలంతో ముందుకు తోసుకొస్తుందని లెక్క వేసుకోవాలి. అంటే 450 కిలోల టిల్లర్ 360 కిలోల బలంతో క్యాబిన్ మీదికి వస్తుంది. నాలుగు బెల్టులను నాలుగు మూలలకు కట్టి, రెండు ముందుకు, రెండు వెనక్కి లాగేలా బిగించండి. ఛాసిస్‌కు కట్టాలే గానీ హ్యాండిల్‌కు, మడ్‌గార్డుకు, బెల్టు కవరుకు కట్టకూడదు. ఇనుప అంచు తగిలే చోట గోనె లేదా టైరు ముక్క పెట్టండి.

దారిలో

బయలుదేరిన 10 కిలోమీటర్లకు ఒకసారి ఆగి బెల్టులు మళ్లీ బిగించండి. ఆ తర్వాత గంటకోసారి చూడండి. వేగం తగ్గించి, స్పీడు బ్రేకర్లు, మలుపుల దగ్గర నెమ్మదిగా వెళ్లండి. వీలైనంత వరకు పగలే ప్రయాణం పెట్టుకోండి.

యంత్రాన్ని పట్టుకోవడానికని తొట్టిలో ఎవరినీ కూర్చోబెట్టవద్దు. సరకు వాహనంలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. ప్రమాదం జరిగితే ఆ భారమంతా వాహన యజమాని మీద పడవచ్చు. సాయానికి వచ్చిన మనుషులను బస్సులోనో, వేరే బండిలోనో పంపండి.

ఇంటికి చేరాక చీకటి పడితే ఆ రాత్రికి దించే పని పెట్టుకోవద్దు. బెల్టులు విప్పకుండా అలాగే ఉంచి, తెల్లవారాక వెలుతురులో దించుకోండి. దించాక ఇంజన్, గేరుబాక్సు ఆయిల్ చూసి, నట్లు బిగించాకే పొలంలోకి దింపండి.