ఇంటివద్ద విద్యుత్ కారు ఛార్జింగు: ఒక సంస్థ పరికరం మరొక సంస్థ కారుకు పనికివస్తుందా?

ఇంటిలో ఒక సంస్థ తయారుచేసిన విద్యుత్ కారు ఉన్నది. దానితోపాటు అమ్మకందారు గోడకు బిగించి వెళ్లిన పెట్టె కూడా ఉన్నది. కొన్నేళ్ల తరువాత ఆ కారు అమ్మి మరొక సంస్థ కారు కొంటే, లేదా పండుగకు హైదరాబాదు నుండి వచ్చిన అల్లుడిగారి కారు వేరే సంస్థదైతే, ఆ పెట్టె పనికివస్తుందా, లేక వేలు పోసి బిగించుకున్నది వృథాయేనా? విద్యుత్ కారు కొనదలచిన కుటుంబానికి ధర, దూరం తరువాత ఎదురయ్యే సందేహం ఇది. కార్ల విషయంలో సమాధానం చాలవరకు ఊరట కలిగించేదే: పనికివస్తుంది. అయితే ఎందుకు పనికివస్తుందో తెలిస్తేనే ఎక్కడ పనికిరాదో, ఎక్కడ ప్రాణాపాయమో తెలుస్తుంది.

ముందుగా పేరు సంగతి. గోడమీది పెట్టెను మనమందరమూ ఛార్జర్ అంటున్నాము. కన్నడంలోనూ అదే మాట, ఉర్దూలోనూ అదే మాట. అనువాదకులకు ఇంతకంటె మంచి మాట దొరకలేదు కాని, అపోహకు మూలం ఈ మాటే. అసలైన ఛార్జర్ కారులోపల ఉన్నది. ఇంటికి వచ్చేది ఏకాంతర విద్యుత్తు, అనగా ఏసీ. బ్యాటరీ స్వీకరించేది ఏకముఖ విద్యుత్తు, అనగా డీసీ. ఒకదానిని మరొకదానిగా మార్చే యంత్రాన్ని తయారీదారులు కారులోనే అమరుస్తారు. గోడమీది పెట్టె ఆ మార్పు చేయదు. కాలువ తూము వద్ద ఉండే నీరుగంటి వలె, ఎంతవరకు తీసుకోవచ్చునో చెప్పి, తలుపు తీసి, తేడా వస్తే మూసివేయడమే దాని పని. తుంగభద్ర ఎడమగట్టు కాలువ కింద సేద్యం చేసే సింధనూరు, మాన్వి రైతులకు ఇంతకంటె వివరించనక్కరలేదు: తూము ఎంత తెరిచినా, మడి తన బోదె పట్టినంత నీరే తీసుకుంటుంది.

ఆ పెట్టెకూ కారుకూ మధ్య జరిగే సంభాషణ అన్ని సంస్థలకూ ఒక్కటే. నేడు మన దేశంలో అమ్ముడవుతున్న కొత్త కార్లలో దాదాపు అన్నింటికీ, టాటా, మహీంద్రా, ఎంజీ, హ్యుందాయ్, బీవైడీ ఏదైనా సరే, ఏసీ ఛార్జింగుకు ఉన్నది టైప్-2 అనే ఏడు పిన్నుల అమరిక. జర్మనీలోని మెన్నెకెస్ సంస్థ రూపొందించిన ఈ అమరికను ఐరోపా సమాఖ్య 2014లో తన ఆదేశంలో చేర్చింది. భారతీయ ప్రమాణాల బ్యూరో ఐఎస్ 17017 వరుస ప్రమాణాలు కూడా దీనికి చోటిచ్చాయి. ఏడు పిన్నులలో మూడు ఫేజులకు, ఒకటి న్యూట్రల్‌కు, ఒకటి ఎర్త్‌కు. మిగిలిన రెండు చిన్న పిన్నులే మాటలకు. ఒక పిన్నుపై పెట్టె 12 వోల్టుల సంకేతం ఉంచుతుంది. కేబులు తగిలించగానే కారు దానిని 9 వోల్టులకు దించుతుంది, అనగా “నేను వచ్చాను” అని. అప్పుడు పెట్టె సెకనుకు వెయ్యి స్పందనలు పంపుతుంది. స్పందన వెడల్పు 27 శాతం ఉంటే 16 ఆంపియర్లు, 53 శాతం ఉంటే 32 ఆంపియర్లు తీసుకోవచ్చునని అర్థం. కారు సంకేతాన్ని 6 వోల్టులకు దించి సిద్ధమని తెలిపిన పిమ్మటనే పెట్టెలోని స్విచ్చు మూసుకొని విద్యుత్తు ప్రవహిస్తుంది. ఈ సంభాషణలో తయారీసంస్థ పేరుకు చోటు లేదు.

కాబట్టి 7.2 కిలోవాట్ల పెట్టెకు 3.3 కిలోవాట్ల కారును తగిలిస్తే కారు కాలిపోదు, 3.3 మాత్రమే తీసుకుంటుంది. 2020లో వచ్చిన తొలి నెక్సాన్ ఈవీ అటువంటిది: 30.2 యూనిట్ల బ్యాటరీ, లోపలి ఛార్జర్ 3.3 కిలోవాట్లు. ఖాళీ బ్యాటరీ నిండటానికి దాదాపు పది గంటలు. పెద్ద పెట్టె కొన్నందువల్ల ఆ పది గంటలు తగ్గవు.

మరొక విషయంలో కొనుగోలుదారులు తరచు మోసపోతారు, ఎవరూ మోసగించకుండానే. 11 కిలోవాట్లు అని రాసిన పెట్టె 7.2 కంటె గొప్పదని అనుకోవడం సహజం. కాని 11 కిలోవాట్ల పెట్టె సాధారణంగా మూడు ఫేజులలో ఫేజుకు 16 ఆంపియర్ల చొప్పున ఇస్తుంది. లోపలి ఛార్జర్ సింగిల్ ఫేజుదైన 7.2 కిలోవాట్ల కారు వాటిలో ఒక్క ఫేజునే వాడుకొనగలదు. అప్పుడు దానికి అందేది 3.7 కిలోవాట్లకు మించదు, అనగా సగమే. కొనేముందు అడగవలసినది పెట్టె ఎన్ని కిలోవాట్లది అని కాదు, ఫేజుకు ఎన్ని ఆంపియర్లు అని. కారు లోపలి ఛార్జర్ ఎన్ని ఫేజులది అని.

కొన్ని పెట్టెలు తమ సంస్థ యాప్‌తోనో, కార్డుతోనో మాత్రమే తెరుచుకుంటాయి. ఇది ప్రమాణంలోని నిబంధన కాదు, అమ్మకందారు వేసిన తాళం. తాళం లేకుండా నడిపే వీలున్నదా అని కొనే రోజునే అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.

ఇక పొంతన కుదరని చోట్లు. కేంద్రప్రభుత్వం 2017లో భారత్ ఏసీ-001, భారత్ డీసీ-001 అనే నిర్దేశాలు ప్రకటించింది. ఆ కాలపు వాహనాలు, వాటికై నెలకొల్పిన పరికరాలు నేటి అమరికకు నేరుగా కలియవు. పాత కారు చవకగా కొనేవారు దాని ఛార్జింగు ద్వారాన్ని స్వయంగా చూడాలి. అమెరికాలోని బంధువులు సెలవిచ్చే ప్లగ్గులూ అడాప్టర్లూ వేరు. అక్కడి వోల్టేజీ, అమరిక వేరు కనుక ఆ సలహా ఇక్కడ చెల్లదు.

స్కూటర్ల సంగతి మరింత జాగ్రత్తగా చదవండి, మన వీధులలో కార్లకంటె అవే ఎక్కువ గనుక. అనేక స్కూటర్లకు ఛార్జర్ బండి వెలుపలే, చేతిలో పట్టుకొనే డబ్బాగా ఉంటుంది. అది నిజంగానే ఛార్జర్. ఆ బ్యాటరీ వోల్టేజీకి తగినట్లు డీసీ ఇస్తుంది. 48, 60, 72 వోల్టుల బ్యాటరీలు ఉన్నాయి. సీసపు బ్యాటరీలు, లిథియం బ్యాటరీలు ఉన్నాయి. పిన్ను సరిపోయినంత మాత్రాన పొరుగింటి ఛార్జర్ తగిలిస్తే బ్యాటరీ అంటుకొనవచ్చును. కారు పెట్టెకు వర్తించే భరోసా ఇక్కడ ఏమాత్రం వర్తించదు. తేలికపాటి వాహనాలకు ఏథర్ సంస్థ రూపొందించిన అమరికను ప్రమాణాల బ్యూరో 2023లో గుర్తించింది కాని, అన్ని సంస్థలూ దానిని స్వీకరించలేదు.

కారుతో వచ్చిన కేబులు మరొక సంస్థ కారుకు తగిలించినప్పుడు ఎర్ర దీపం వెలిగి ఛార్జింగు మొదలుకాకపోతే, పొంతన కుదరలేదని చాలామంది నిర్ణయించుకుంటారు. తరచుగా లోపం ఇంటి ఎర్తింగులో ఉంటుంది. ఒక కారు సహించిన లోపాన్ని మరొక కారు సహించకపోవచ్చు, అంతే. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కాని, దాని వెనుక తీగ ఉండదు. ఉన్నచోట కూడా, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన వేసవిలో ఎర్తింగు గుంత ఎండిపోయి పట్టు కోల్పోతుంది. గుంతలో నీరు పోయడం పెద్దల కాలపు అలవాటు. అది నేటికీ సరైనదే.

ఇక్కడ జరుగుతున్న ఒక అపచారాన్ని స్పష్టంగా చెప్పాలి. కారు ఎర్త్ అడుగుతున్నదని తెలిసిన కొందరు పనివారు, సాకెట్ వెనుక న్యూట్రల్ తీగను ఎర్త్ పిన్నుకు కలిపివేస్తారు. దీపం పచ్చగా వెలుగుతుంది, ఛార్జింగు నడుస్తుంది, ఇంటివారు సంతోషిస్తారు. కాని కారు ఇనుప దేహం మొత్తం ఎర్త్ పిన్నుకు కలిసి ఉన్నది. ఏదో ఒకనాడు వీధిలోనో మీటరు వద్దనో న్యూట్రల్ తెగితే, 230 వోల్టులు ఆ దేహంపైకి వస్తాయి. కారు రబ్బరు చక్రాలపై నిలిచి ఉంటుంది కనుక ఆ విద్యుత్తుకు భూమిలోకి దారి లేదు, ఎవరైనా తలుపు పట్టుకొనేవరకు. రాత్రివేళ ముంగిట ఛార్జింగులో ఉన్న కారు చుట్టూ తిరిగేది పిల్లలే. పనివాడు ఈ కిటుకు సూచిస్తే పని ఆపించి, వేరే పనివాడిని పిలవండి.

సరైన పద్ధతి కొంత ఖర్చుతో కూడినదే. ఎర్తింగు గుంత విడిగా వేయించాలి. 32 ఆంపియర్ల పెట్టెకు మీటరు నుండి విడిగా కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి తగిన ఎమ్‌సీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. మీటరు దూరమైతే తీగ ఇంకా లావు కావాలి. సాధారణ సాకెట్‌తోనే సరిపెట్టుకొనేవారు గుర్తుంచుకోవలసినది, గీజరు అరగంట వాడే సాకెట్‌ను కారు పది గంటలు వాడుతుందని. వదులైన సాకెట్, ఎక్స్‌టెన్షన్ బోర్డు అంతసేపు వేడిని తట్టుకోవు.

ఇంటి కనెక్షన్‌తోనే కారు ఛార్జింగు చేసుకోవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022 జనవరి మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. అయితే మంజూరైన లోడు 2 కిలోవాట్లున్న ఇంటిలో 7.2 కిలోవాట్లు లాగడం కుదరదు. విద్యుత్ బిల్లుపై మంజూరైన లోడు అచ్చువేసి ఉంటుంది. ముందు అది చూసుకోండి. లోడు పెంపుకు, ఛార్జింగుకు విడిగా మీటరు తీసుకొనే వీలుకు జెస్కాం ఉపవిభాగ కార్యాలయంలో విచారించాలి. అద్దె ఇంటిలో ఉన్నవారు పెట్టెకు బదులు కారుతో వచ్చే కేబుల్‌నే వాడుకోవచ్చు. ఇల్లు మారినప్పుడు కేబులు వెంట వస్తుంది. ఎర్తింగును మాత్రం కొత్త ఇంటిలో మళ్లీ పరీక్ష చేయించాలి.