అమైనో ఆమ్లాలలో కుడి ఎడమల భేదం – ద్రవ పొరతో వేర్పాటు

ఆబిడ్స్ దుకాణాలలో ఒక చెప్పుల జతను పరిశీలించినవారికి కైరల్ ధర్మం సులభంగా బోధపడుతుంది. కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు ఒకే తోలుతో, ఒకే కొలతతో తయారైనా ఒకదాని స్థానంలో మరొకటి ఇమడదు. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలలో గ్లైసిన్ మినహా తక్కినవన్నీ ఇదేవిధంగా ఎల్, డి అనే రెండు ప్రతిబింబ రూపాలలో ఉండగలవు. మొక్కలు, జంతువులు ప్రోటీన్ల నిర్మాణానికి ఎల్ రూపాన్నే వినియోగిస్తాయి.

ఈ భేదం వ్యవసాయంలో కేవలం సిద్ధాంత విషయం కాదు. కోళ్ళు డి-మిథియోనైన్‌ను ఎల్ రూపంగా మార్చుకోగలవు, డి-లైసిన్‌ను మార్చుకోలేవు. అరబిడాప్సిస్ మొక్కలపై జరిగిన ప్రయోగాలలో డి-సెరైన్, డి-అలనైన్ పెరుగుదలను నిరోధించాయి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి 2021లో బయోస్టిమ్యులెంట్లు చేరాయి. ప్రోటీన్ హైడ్రోలైసేట్లు, అమైనో ఆమ్లాలు వాటిలో ఒక వర్గం. ప్రోటీన్‌ను ఎంజైములతో విచ్ఛిన్నం చేసినప్పుడు ఎల్ రూపం చాలావరకు నిలుస్తుంది. గాఢమైన ఆమ్లం, ముఖ్యంగా క్షారం, అధిక ఉష్ణోగ్రతతో కలిస్తే కొంత భాగం డి రూపంలోకి మారుతుంది.

రెండు రూపాల ద్రవీభవన స్థానం, నీటిలో కరిగే గుణం ఒకటే కావడంచేత సాధారణ పద్ధతులతో వాటిని వేరుచేయడం కష్టం. ద్రవ పొర పద్ధతిలో రెండు జలద్రావణాల నడుమ, నీటితో కలవని సేంద్రియ ద్రావణి పలుచని పొరగా నిలుస్తుంది. అందులో కైరల్ వాహక అణువు ఉంటుంది. నాంపల్లి స్టేషనులో కూలీ ఒకచోట సామాను ఎత్తుకొని, మరొకచోట దించి, ఖాళీగా తిరిగివచ్చినట్లే ఈ వాహకం పనిచేస్తుంది. ఫినైల్ అలనైన్ వేర్పాటుకు ఎన్-డెసైల్-ఎల్-హైడ్రాక్సీప్రోలిన్‌ను రాగితో కలిపి వాహకంగా ప్రయోగించారు. ఆవలివైపు ఆమ్లంలోని ప్రోటాన్లు బంధాన్ని విడదీస్తాయి. రెండు రూపాలలో ఒకదానితో వాహకపు బంధం కొంచెం బలంగా ఉండటమే ఈ వేర్పాటుకు ఆధారం.

ఆ తేడా స్వల్పం గనుక ఒక్క దశలో శుద్ధి పూర్తికాదు. ఎమల్షన్ విధానంలో బిందువులు ఉబ్బడం, పగలడం మరొక చిక్కు. దాణాకు భారీగా కావలసిన ఎల్-లైసిన్‌ను కొరినీబాక్టీరియం గ్లుటామికమ్ కిణ్వనం నేరుగా అందిస్తున్నందున అక్కడ వేర్పాటు అవసరమే రాదు.

నత్రజని పరీక్ష ఎల్, డి రూపాల భేదాన్ని చూపదు. అందుకు కైరల్ స్తంభంతో హెచ్‌పిఎల్‌సి విశ్లేషణ అవసరం. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు సీసాపై ఉన్న ‘మొత్తం అమైనో ఆమ్లాల’ శాతంతో తృప్తిపడక, ప్రోటీన్ మూలమేమిటో, దానిని విచ్ఛిన్నం చేసిన పద్ధతి ఏదో, ఎల్ రూపపు వాటా ఎంతో తయారీదారును అడిగి తెలుసుకొన్న తరువాతనే రైతుకు సిఫారసు చేయాలి. మొక్కకు ఉపయోగపడని భాగానికి కూడా ధర చెల్లించేది రైతే.