రక్తపోటు: అంకె తగ్గినా మందు మానరాదు
తలనొప్పి లేనంత మాత్రాన రక్తపోటు లేదని భావించరాదు. చాలామందిలో ఈ వ్యాధి ఏ లక్షణమూ చూపదు; కొలిపించుకుంటేనే తెలుస్తుంది. వేర్వేరు దినాలలో కొలిచినా 140/90 లేదా అంతకు మించి ఉంటే వైద్యుని సంప్రదించాలి. మాత్రలతో అంకె తగ్గితే మందు పనిచేస్తున్నదని అర్థం, వ్యాధి నయమైందని కాదు. వైద్యుని అడగక మానివేస్తే పోటు మళ్లీ పెరిగి పక్షవాతానికి, గుండెపోటుకు దారితీయవచ్చు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాకు మించరాదు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలలోని ఉప్పూ ఈ లెక్కలోనిదే. కోరాపుట్, రాయగడ జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులలో ‘నిరామయ’ పథకం కింద మందులు ఉచితంగా లభిస్తాయి. సంక్రాంతికి పార్వతీపురమో విజయనగరమో వెళ్లేవారు సరిపడా మాత్రలను, వైద్యుని చీటీని వెంట ఉంచుకోవాలి.