కుశస్థలి ఏటి రాళ్లకు వయసు ఎట్లా కట్టినారు?

పాతకాలంది ఏదైనా చూపించమంటే మనవాళ్లు తిరుత్తణి కొండమీది గుడిని చూపిస్తారు. అంతకంటే ఎంతో పాతవి మన జిల్లాలోనే ఉండాయి. పూండి దాటి పోతే కుశస్థలి ఏటి దగ్గర అత్తిరంపాక్కం అని చిన్న ఊరు. 1863లో జియలాజికల్ సర్వే ఆఫీసర్లు రాబర్ట్ బ్రూస్ ఫూట్, విలియం కింగ్ అక్కడ రాతి గొడ్డళ్లు చూసినారు. ఇనుము తెలియని మనిషి చేత్తో పట్టుకోను చెక్కుకున్న రాళ్లవి. ఎన్నేండ్లవో కొలిచే దోవ ఆ కాలంలో లేదు.

1999 నుంచి శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ అనే పరిశోధకులు అక్కడ పొరపొరగా మట్టి తీసి చూసినారు. అడుగున జిగట మట్టిలో కూడా గొడ్డళ్లు దొరికినాయి.

వయసు లెక్క ఇట్లా కట్టినారు. బయట పడి ఉండే రాయికి ఆకాశం నుంచి కంటికి కనపడని కిరణాలు తగులుతా ఉంటాయి. దాంతో రాతిలో అల్యూమినియం-26, బెరీలియం-10 అనే అణువులు పుడతాయి. రాయి లోతుగా పూడిపోతే కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోతుంది, ఉండేవి తరిగిపోతా వస్తాయి. అల్యూమినియం సగం కావడానికి సుమారు 7 లక్షల ఏండ్లు, బెరీలియానికి దానికి రెట్టింపు. ఏది ఎంత మిగిలిందో కొలిస్తే రాయి పూడి ఎంత కాలమైందో తెలుస్తుంది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. భూమి అయస్కాంతం దిక్కు చివరిసారి తిరగబడి సుమారు 7.8 లక్షల ఏండ్లయింది. ఆ అడుగు మట్టిలో అంతకు ముందరి దిక్కే కనపడింది.

2011లో లెక్క బయటపెట్టినారు: కనీసం 10 లక్షల ఏండ్లు, సగటున 15 లక్షల ఏండ్లు. ఇది గొడ్డలి పూడిన వయసు. ఆ రాయి పుట్టింది అంతకు ఎంతో ముందర.

మిల్లులో బేలు మీద చీటీ చినిగిపోతే ఆ దూది ఏ లాటుదో ఎవరు చెప్తారు? రాయికి అది పడుకున్న మట్టి పొరే చీటీ. జేసీబీతో తవ్వి లారీకి ఎత్తితే ఆ చీటీ పోయినట్టే. బాగుందని పిల్లోడు ఇంటికి తెచ్చుకున్నా అంతే.

పూండిలో పురావస్తు శాఖ మ్యూజియంలో ఈ కాలపు రాతి పనిముట్లు పెట్టినారు. సెలవు రోజు పిల్లల్ని తీసుకుపోయి చూపించండి. ఏటి గట్టున అట్లాంటి రాయి కనపడితే మాత్రం కదిలించవద్దు. ఉన్నచోటే ఉంచి, మ్యూజియంలో చెప్పండి.