బోల్టు విరిగాక

ఇంజన్ మీద బోల్టు పుటుక్కుమంటే మెకానిక్కు చెయ్యి టక్కున ఆగిపోతుంది. విరిగిన ముక్కకు విలువేమీ లేదు. అది కూరుకుపోయిన అల్యూమినియం సిలిండర్ హెడ్డుదే అసలు ఖరీదు. హెడ్డులోని మరలు చెడకుండా ఆ ముక్కను పైకి తీయడానికి మనుషులు పడ్డ పాట్లలో కొన్ని ఇవి.

అసలు బోల్టు ఎందుకు పట్టేస్తుంది? ఉక్కు బోల్టూ అల్యూమినియం హెడ్డూ ఆనుకున్న చోట ఉప్పుతడి చేరితే సన్నగా కరెంటు పుడుతుంది. దానికి బలయ్యేది అల్యూమినియం. అది తెల్లటి పొడిగా మారేటప్పుడు మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో ఆ పొడి బిగిశాక, పానాకు పైపు తొడిగి తిప్పినా బోల్టు కదలదు, తల మాత్రం ఊడొస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ.

బోల్టును వదిలించడానికి హెడ్డును వేడిచేస్తే రంధ్రం మూసుకుపోతుందని కొందరి భయం. నిజానికి రంధ్రమూ పెద్దదవుతుంది. ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవు అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు సాగితే, ఉక్కు 12 దగ్గరే ఆగుతుంది. ఆ తేడాయే బోల్టును వదిలిస్తుంది. వేడి మీదున్నప్పుడు కొవ్వొత్తి ముక్క ఆనిస్తే మైనం కరిగి సందుల్లోకి దానంతటదే పాకుతుంది. స్పార్క్ ప్లగ్గు దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. ఇంజన్ చల్లారాకే విప్పమని తయారీదార్ల హెచ్చరిక. వేడిలో మెత్తబడ్డ అల్యూమినియం మరలు ప్లగ్గుతో పాటే ఊడొచ్చే ప్రమాదముంది.

గ్యారేజీల్లో అందరి చేతిలో ఉండే డబ్ల్యూడీ-40 పుట్టింది బోల్టుల కోసం కాదు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో నీటిని తరిమి తుప్పును ఆపడానికి తయారుచేశారు. అట్లాస్ క్షిపణుల పైరేకుకు దాన్ని పూసేవారు. మొండి బోల్టుకు దానికంటే ప్రత్యేకంగా చేసిన పెనెట్రేటింగ్ ఆయిలే మేలు, అదీ ఓ రాత్రంతా నాననిస్తే.

విరిగిన ముక్కకు బెజ్జం వేసి, ఎడమవైపు మెలితిరిగిన ఎక్స్‌ట్రాక్టర్ దిగ్గొట్టి తిప్పడం పాఠాల్లో చెప్పే పద్ధతి. కానీ సెన్సరు, ఇత్తడి గొట్టపు యూనియన్ లాంటి బోలు వస్తువుల్లో దాన్ని కొట్టేకొద్దీ పలచటి గోడ వెలుపలికి తోసుకుని ఇంకా బిగుస్తుంది. ఆపైన ఎక్స్‌ట్రాక్టర్ బాగా గట్టిపరచిన ఉక్కు, పెళుసు. అదీ లోపల విరిగిందా, మామూలు డ్రిల్లు బిట్టు దానిమీద జారిపోతుంది. ఒక సమస్య రెండవుతుంది! నన్నడిగితే ముక్క మీద నట్టు పెట్టి వెల్డు చేయడమే మంచి దారి. ఉక్కు వెల్డు అల్యూమినియంకు అంటదు, పైగా ఆ వేడికే సగం పట్టు వదులుతుంది.

లోపల ఎక్స్‌ట్రాక్టరే విరిగితే ఏం చేస్తారన్నదే అన్నిటికంటే ఆసక్తికరం. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలైన బోరిస్, నటాలియా లాజరెంకో దంపతులకు ఓ పని అప్పగించారు: టంగ్‌స్టన్ విద్యుత్ కాంటాక్టులు నిప్పురవ్వలకు అరిగిపోకుండా ఆపాలి. ఆపలేకపోయారు. కానీ నూనెలాంటి ద్రవంలో ముంచితే ఆ అరుగుదల అదుపులోకి వస్తుందని గమనించి, దాన్నే లోహం చెక్కే పనిముట్టుగా మార్చారు. వాళ్ల సంగతి తెలియకుండానే అమెరికాలో స్టార్క్, హార్డింగ్, బీవర్ అనే ముగ్గురు అదే కాలంలో రవ్వల యంత్రం కట్టారు. ఎందుకో తెలుసా? అల్యూమినియం పోతల్లో విరిగిన డ్రిల్లులు, ట్యాపులు తీయడానికే! అది సెకనుకు 60 రవ్వలు రాల్చేది. ఈ పద్ధతిలో పనిముట్టు ముక్కను తాకదు కాబట్టి ముక్క ఎంత గట్టిదైనా లెక్కలేదు. నడిమి భాగం కరిగిపోయాక మరల్లో మిగిలిన తీగచుట్టను పట్టకారుతో లాగేయడమే.

ఫోర్డ్ 5.4 లీటర్ల ట్రైటన్ ఇంజన్ స్పార్క్ ప్లగ్గుల విషయంలో బాగా అపకీర్తి మూటగట్టుకుంది. పాత రెండు వాల్వుల రకంలో పట్టే మరలు తక్కువై కొన్ని ప్లగ్గులు వాటంతటవే ఎగిరిపోయేవి. తర్వాతి మూడు వాల్వుల రకంలో రెండు ముక్కలుగా చేసిన ప్లగ్గు కింది భాగం మసితో అతుక్కుపోయి, విప్పబోతే విరిగి లోపలే ఉండిపోయేది. కాస్త వదులుచేసి, కార్బ్యురేటర్ క్లీనర్ పోసి, కనీసం 15 నిమిషాలు ఆగమని కంపెనీయే మెకానిక్కులకు రాసి పంపింది.

మరలు పాడైతే హెడ్డు పారేయనక్కర్లేదు. రంధ్రం కొంచెం పెద్దది చేసి, కొత్త మరలు కోసి, స్టెయిన్‌లెస్ తీగచుట్ట దిగేస్తారు. దాన్నే హెలికాయిల్ అంటారు. అసలు అల్యూమినియం మరలకంటే ఇదే దృఢం. విమాన ఇంజన్లలో ప్లగ్గు రంధ్రాలకు కొత్తగా ఉన్నప్పుడే దీన్ని తొడిగేవారు.

చివరగా పటిక. ఇత్తడి పలకలో విరిగిన ఉక్కు స్క్రూను గడియారాలు బాగుచేసేవాళ్లు గోరువెచ్చని చిక్కటి పటిక నీళ్లలో ముంచి వదిలేస్తారు. ఉక్కు నెమ్మదిగా నల్లటి మడ్డిగా కరుగుతుంది, ఇత్తడి చెక్కుచెదరదు. పాత కారు పోత ఇనుప బ్లాకు మీద మాత్రం ఈ చిట్కా ప్రయోగించకండి, బోల్టుతో పాటు బ్లాకునూ తినేస్తుంది.