బిడ్డకు వంశ మిచ్చున దేమి? గృహ మిచ్చున దేమి?

శిశువు పురిటింట నుండగనే చూడవచ్చిన ముత్తైదువలు "ముక్కు తండ్రిది, కన్నులు మేనమామవి" అని పోలికలు పంచిపెట్టుదురు. అది వేడుక. కాని యా బిడ్డ పెరిగి బడిలో వెనుకబడెనేని, ఆ పంపకమే నిందగా మారును. "వాళ్ల పుట్టింట అక్షరమ్ముక్క వచ్చినవా రెవరు గనుక?" అని తల్లి వంశమును వీధి కీడ్చుదురు. మావారు ఉపాధ్యాయులగుటచే ఇట్టి మాటలు పడిన తల్లులను మేము పలుమారు చూచితిమి. మొన్న నొక యమ్మ కొడుకు పుస్తకము చేతబట్టుకొని వచ్చి, "అమ్మగారూ, నా రక్తమే వీనికి అడ్డమైనదా?" అని కంట నీరు పెట్టుకొనినది. ఈ ప్రశ్నకు నేటి శాస్త్రము చెప్పు సమాధానమును సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మన దేహమందలి కణములలో జన్యువులను లిపి కలదు. అందు ప్రతి చోటను రెండేసి ప్రతులుండును. ఒకటి తల్లి యిచ్చినది, రెండవది తండ్రి యిచ్చినది. ఈ లిపిలో మనిషికిని మనిషికిని అక్కడక్కడ అక్షరభేదము లున్నవి. వేలకొలది జనుల లిపి నంతటిని గాలించి, ఏ యక్షరభేదము ఏ వ్యాధితో కూడి వచ్చునో లెక్కించు పరిశోధనములు 2005 ప్రాంతమున ఆరంభమైనవి. 2007లో బ్రిటనునందు ఏడు వ్యాధులను గూర్చి, ఒక్కొక్క వ్యాధికి సుమారు 2,000 మంది రోగులను, సుమారు 3,000 మంది ఇతరులతో పోల్చి చూచిరి.

అయితే ఈ లెక్కలో నొక మోసము దాగియున్నది. ఒక పట్టణమున జొన్నరొట్టె తినువారిని వేయిమందిని, వరియన్నము తినువారిని వేయిమందిని పోల్చితి మనుకొందము. రొట్టె తినువారిలో పెక్కురు ఒకే సీమనుండి వచ్చినవారై, ఆ సీమవారిలో తరతరములుగా ఒక యక్షరభేదము హెచ్చుగా నుండెనేని, అదియే "జొన్నరొట్టె జన్యువు" అని లెక్క చెప్పును! రొట్టెకు కారణము ఆ నేలలో పండు జొన్నయే గాని జన్యువు గాదు గదా. మన దేశమున ఈ చిక్కు మరింత పెద్దది. ఇచటి సంఘములు బహుతరములుగా తమలో తామే వియ్యమందుచు వచ్చుటచే, జన్యుభేదములు సంఘమునకును సంఘమునకును గాఢముగా నున్నవని హైదరాబాదులోని సి.సి.యం.బి. శాస్త్రజ్ఞులు విదేశ సహచరులతో గూడి 2009లో ప్రకటించిరి.

ఈ మోసమునకు విరుగుడు కుటుంబమునందే దొరకినది. తల్లికి ఒక చోట రెండు భిన్నాక్షరము లున్నయెడల, వానిలో నేది బిడ్డకు వచ్చుననునది చీటీ తీసినట్లే. సగము సగము అవకాశము. 1993లో అమెరికాయందు స్పీల్‌మన్, మెగిన్నిస్, ఈవెన్స్ అను శాస్త్రజ్ఞులు ఇన్సులిను సూదులతోనే బ్రతుకవలసిన మధుమేహమును ఈ తీరున పరిశీలించిరి. రోగియగు బిడ్డకు తలిదండ్రు లిచ్చిన యక్షరమును, ఇయ్యక తమయొద్ద నిలుపుకొనిన యక్షరముతో పోల్చిరి. ఇచ్చినదియు మిగిలినదియు ఒకే మనిషివి గనుక, ఇచట సీమభేద మను మోసమునకు తావు లేదు.

తోబుట్టువులను పోల్చుటయు నిట్టిదే. రావణ కుంభకర్ణ విభీషణులు ఒక తల్లిదండ్రుల బిడ్డలే. అయినను స్వభావములు వేరు గదా! అన్నదమ్ములకు వంశ మొకటి, వంటిల్లొకటి. వారి వారికి పడిన చీటీలు మాత్రము వేరు. 2022లో ప్రకటింపబడిన యొక పరిశోధనమున 1,78,086 మంది తోబుట్టువులను పరిశీలించిరి. సామాన్య జనులను పోల్చినపుడు కనబడిన జన్యుప్రభావము, తోబుట్టువులను పోల్చినపుడు ఎత్తు విషయమున సుమారు పదవ వంతే తగ్గినది. చదువు విషయమున దాదాపు సగము తగ్గినది.

ఆ తగ్గిన భాగ మెక్కడిది? 2018లో ఐస్‌లాండు దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన విషయము దీనికి దారి చూపుచున్నది. తలిదండ్రులయందుండి బిడ్డకు రాని జన్యువులు సైతము ఆ బిడ్డ చదువుతో సంబంధము కలిగియున్నవట! దాని బలము, వచ్చిన జన్యువుల బలములో సుమారు 30 పాళ్లు. రాని జన్యువు బిడ్డ దేహమున పనిచేయజాలదు. అది తలిదండ్రుల నడతయై, మాటయై, ఇంటి తీరై బిడ్డను చేరవలెను. తమవంటివారినే వివాహమాడు వాడుకయు నిందు కొంత కారణము కావచ్చునని పండితులు హెచ్చరించుచున్నారు.

ఇందుండి తొందరపడి యే బిడ్డకును జాతకము వ్రాయరాదు. ఈ లెక్కలు చాలవరకు ఐరోపా సంతతివారి నుండి తీసినవి. పైగా వేలమంది సగటులేగాని ఒక పిల్లవాని భవిష్యత్తు గాదు. ఇల్లనగా తల్లి యొక్కతెయే యనుకొని, "రక్తము" అను పాత నింద స్థానమున "పెంపకము" అను కొత్త నింద మోపుటయు న్యాయము గాదు. ఇల్లనగా తండ్రియు, గాదెలోని గింజయు, రాత్రివేళ దీపమును, దగ్గరనున్న బడియు.

ఆ యమ్మకు మే మిట్లు చెప్పితిమి: "అమ్మా, చీటీ నీవు తీసినది గాదు, కనుక దానికి నీవు సిగ్గుపడనక్కరలేదు. నీవు వాని పక్కన కూర్చుండి వినిన పాఠము నీ రక్తములో లేకున్నను వానికి ముట్టును." ఆ తల్లికి చదువు రాదు. అయినను ఆనాటినుండి ప్రతిదినము సాయంకాలము మా యరుగుమీద కొడుకుచే పాఠము చదివించుకొని వినుచున్నది. వాడు తడబడినచోట ఆమె వ్రేలు పుటమీద నిలుచును. వాడు మరల మొదటినుండి చదువును.