34 గ్రాముల ఆదివారం

ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకం బరువెంత? 24 పేజీలదైతే సుమారు 34 గ్రాములు. చదరపు మీటరుకు 45 గ్రాములు తూగే న్యూస్‌ప్రింట్, ఏ4 సైజు, 12 కాగితాలు అనుకుని వేసిన లెక్క ఇది. ఆదివారం పుస్తకాలు ఎందుకు చిక్కిపోతున్నాయో ఈ లెక్కతోనే తెలుస్తుంది.

కాగితం ఖర్చు

12 లక్షల ప్రతులు వేసే పత్రికకు, 34 గ్రాముల చొప్పున వారానికి 40 టన్నుల కాగితం కావాలి. ఏడాదికి దాదాపు 2,100 టన్నులు. ఆ 24 పేజీల్లో 8 తగ్గిస్తే ఏడాదికి 700 టన్నులు మిగులుతాయి.

మన దేశం న్యూస్‌ప్రింట్‌లో పెద్ద భాగాన్ని దిగుమతి చేసుకుంటుంది. దానిపై 2019 జులై బడ్జెట్‌లో 10 శాతం సుంకం పడింది. 2020 ఫిబ్రవరిలో అది 5 శాతానికి దిగింది. అంతలోనే కరోనా, ఆ వెనకే ఉక్రెయిన్ యుద్ధం వచ్చాయి. 2020తో పోలిస్తే 2022లో టన్ను ధర రెట్టింపు దాటింది. పాఠకుడు ఇచ్చే రూపాయలు అచ్చు ఖర్చుకే చాలవు. ఆదివారం పుస్తకాన్ని ఇన్నాళ్లూ మోసింది ప్రకటనలే. ఇప్పుడు వాటిలో చాలా భాగం ఫోన్లలోకి వెళ్లిపోయింది.

తగ్గిన ప్రతులు

తెలుగులో అత్యధిక సర్క్యులేషన్ ఉన్న ఈనాడు, పత్రికల ప్రతులను లెక్కగట్టే ఏబీసీ సంస్థ వివరాల ప్రకారం 2019 తొలి ఆరు నెలల్లో రోజుకు సుమారు 16 లక్షల ప్రతులు అమ్మింది. 2022 చివరి ఆరు నెలలకు అవి 12 లక్షల చిల్లరకు వచ్చాయి. మూడున్నరేళ్లలో నాలుగో వంతు పోయినట్టే. చదువు రాక తగ్గాయనుకోవడానికి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 1991లో 44 శాతం, 2011 నాటికి 67 శాతం. చదవగలిగేవాళ్లు పెరిగారు, కొని చదివేవాళ్లు తగ్గారు.

2020 లాక్‌డౌన్‌లో ఆగిన ఆంధ్రభూమి దినపత్రిక అచ్చు మళ్లీ మొదలు కాలేదు. చతుర, విపుల మాసపత్రికలు 2021లో మూతపడ్డాయి. అమెరికాలోనూ ఇదే కథ. 1941 నుంచి వందల పత్రికలతో కలిసి ఇళ్లకు చేరిన పరేడ్, 2022 నవంబరులో అచ్చు ఆపేసింది. మరుసటి నెలలో వాషింగ్టన్ పోస్ట్ మ్యాగజైన్ ఆగిపోయింది.

బిట్రగుంటకు ఏమిటి నష్టం?

ఈ తగ్గుదల ఎవరిని తాకుతుందో ఒక చిన్న ఊరి నుంచి చూద్దాం. బిట్రగుంట చెన్నై–విజయవాడ మార్గంలోని రైల్వే ఊరు. మద్రాసులో 1914 నుంచి ఆంధ్రపత్రిక, 1938 నుంచి ఆంధ్రప్రభ దినపత్రికలుగా అచ్చయ్యాయి. ఆ పత్రికలు ఉత్తరానికి సాగిన దారి ఈ రైలు మార్గమే. ఇలాంటి ఊళ్లలో సాహిత్య పత్రికకు చందా కట్టే ఇల్లు ఎక్కడో ఒకటి. వార్తల కోసం పేపరు వేయించుకున్న ఇంటికి కూడా కథను చేర్చింది ఆదివారం పుస్తకమే. పక్కనున్న కావలి బాల్యాన్ని మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన 'దర్గామిట్ట కతలు' 1990ల చివర ఆంధ్రజ్యోతి ఆదివారం సంచిక ద్వారానే జనంలోకి వెళ్లాయి. నెల్లూరు యాసలో ఓ ముస్లిం ఇంటి ముచ్చట్లను వేల ఇళ్లలో చదివారు.

వారానికొక కథ వేసే పత్రిక ఏడాదికి 52 కథలకు చోటిస్తుంది. నాలుగు పత్రికలైతే 208. రెండు మానేస్తే 104 పోతాయి. పేజీలు తగ్గినప్పుడు ప్రకటన తీయరు, కథనే తీస్తారు. ముందు దెబ్బ తగిలేది కొత్తగా రాసేవారికి. పేరున్న రచయితకు పుస్తకం వేసేవాళ్లు ఉంటారు; బిట్రగుంటలో తొలి కథ రాసిన అమ్మాయికి ఆదివారం పేజీ తప్ప వేరే పెద్ద వేదిక లేదు.

చేయగలిగింది

ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతున్నాం. 1960 నాటి చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. కాబట్టి అడిగే హక్కు మనకుంది. దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి, ఆదివారం పుస్తకాలను పాత పేపర్లతో తూకానికి వేయొద్దని, ఏడాదికోసారి బైండు చేయించమని అడగండి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, పత్రికల్లో చెదిరిపోయిన కథలను ఒక చోటికి చేర్చారు. ఊరి స్థాయిలో ఆ పని మనమూ చేయవచ్చు. ఆదివారం కథ నచ్చితే సంపాదకులకు ఉత్తరం రాయండి. ఏ పేజీ తీసేయాలో తేల్చే గదిలో ఆ ఉత్తరాలే కథ తరఫు సాక్ష్యం.